వేగం తప్పని పెట్టె: నాగ్రా టేపురికార్డరు

పావు అంగుళం వెడల్పున్న టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల చొప్పున హెడ్ ముందు నుంచి సాగిపోవాలి. బ్యాటరీలు కొత్తవైనా పాతబడినా, బయట ఎండ కాస్తున్నా మంచు కురుస్తున్నా, పెట్టె బల్ల మీద కదలకుండా ఉన్నా మనిషి భుజాన వేలాడుతూ ఊగుతున్నా ఆ వేగం మారకూడదు. టేపురికార్డరు తయారుచేసేవాడి కష్టమంతా ఇక్కడే ఉంది. మైకు ఎంత మంచిదైనా, యాంప్లిఫయరు ఎంత శుభ్రంగా పనిచేసినా, టేపు తడబడిందంటే ఆ మంచితనం అంతా వృథా.

ఎంత తేడా వస్తే ఎంత చెడుతుందో లెక్క వేసి చూడవచ్చు. వేగం సుమారు 6 శాతం పెరిగితే ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాట రెండు శ్రుతిలో పాడినట్టు వినిపిస్తుంది. అంత తేడా కూడా అక్కర్లేదు. వేగం కొద్దికొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటే చాలు, వీణ తీగ మీద నిలిపిన స్వరం నీళ్ళలో నీడలా వణుకుతుంది. సినిమాకు ఈ లెక్క ఇంకా కఠినం. 10 నిమిషాల రికార్డింగులో వేగం వెయ్యింట ఒక వంతు తేడాగా నడిస్తే చివరికి 0.6 సెకను తేడా వస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 14 ఫ్రేములు. పెదవి కదలిక ఒకచోట, మాట ఇంకోచోట అయిపోతాయి.

స్టూడియోలో ఈ చిక్కు తీర్చడం తేలిక. గోడకున్న కరెంటు, బరువైన మోటారు, కదలని బల్ల ఉంటాయి. ఆరుబయట, టార్చిలైటు బ్యాటరీల మీద, నడిచే మనిషి భుజాన దాన్ని తీర్చడం వేరే విద్య. ఆ విద్యను స్విట్జర్లాండులో ఒక పోలిష్ ఇంజనీరు సాధించారు. ఆయన పేరు స్టెఫాన్ కుడెల్‌స్కీ, ఆయన యంత్రం పేరు నాగ్రా. దాదాపు ముప్పై ఏళ్ళపాటు ప్రపంచంలో ఎక్కడ అవుట్‌డోర్ షూటింగు జరిగినా, సౌండు మనిషి భుజాన ఎక్కువగా కనిపించింది ఆ పెట్టే. దాని పనితనాన్ని దగ్గరగా చూసిన కొద్దీ నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ యంత్రం బాగా పనిచేయడంతో సరిపెట్టుకోలేదు. తాను ఎలా పనిచేస్తున్నదో తనను వాడే మనిషికి ప్రతి క్షణం ఉన్నదున్నట్టు చెప్పింది.

లోజాన్‌లో మొదలు

కుడెల్‌స్కీ 1929 ఫిబ్రవరి 27న వార్సాలో పుట్టారు. 1939 సెప్టెంబరులో జర్మన్ సేనలు పోలాండు మీద పడ్డాక ఆ కుటుంబం దేశం విడిచి హంగేరీ, ఫ్రాన్స్ మీదుగా సాగి, 1943లో స్విట్జర్లాండు చేరింది. లోజాన్‌లోని పాలిటెక్నిక్‌లో చదువుకునే రోజుల్లో ఆయన దృష్టి వర్క్‌షాపు యంత్రాల మీద ఉండేది. లోహాన్ని కోసే యంత్రానికి ఇవ్వవలసిన ఆదేశాలను టేపు మీద అయస్కాంత రూపంలో దాచి, ఆ టేపు చేతనే యంత్రాన్ని నడిపించవచ్చు కదా అన్నది ఆలోచన. ఆ పనికోసం టేపు సంగతి తెలుసుకోబోయి, చివరికి టేపు దగ్గరే ఆగిపోయారు. డిగ్రీ పూర్తి కాలేదు. 1951లో మొదటి టేపురికార్డరు మాత్రం తయారైంది. పోలిష్‌లో ‘రికార్డు చేస్తుంది’ అనే అర్థమున్న మాటనే దానికి పేరుగా పెట్టారు.

అప్పటి రేడియో విలేకరి పరిస్థితి తెలిస్తేనే ఆ యంత్రం విలువ తెలుస్తుంది. బయటికి వెళ్ళి ఎవరి మాటలైనా రికార్డు చేయాలంటే పెద్ద బండి కావాలి. అందులో రికార్డులు గీసే యంత్రమో, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని టేపు యంత్రమో ఉండాలి. నాగ్రా 1 ఆ పనిని ఒక మనిషి చేతిలో పట్టే పెట్టెలోకి తెచ్చింది. లోపల చిన్న వాల్వులు ఉండేవి. టేపును లాగడానికి గ్రామఫోనులో ఉండేలాంటి స్ప్రింగు మోటారు, దానికి కీ ఇచ్చే పిడి ఉండేవి. 1953 నాటి నాగ్రా 2 కూడా స్ప్రింగు యంత్రమే. వాల్వులకే బ్యాటరీ చాలని ఆ రోజుల్లో టేపు లాగే పనిని స్ప్రింగుకు అప్పజెప్పడం తెలివైన నిర్ణయం. రేడియో కేంద్రాలు వాటిని కొన్నాయి, కంపెనీ నిలదొక్కుకుంది.

కానీ స్ప్రింగుకు ఒక హద్దు ఉంది. కీ తరిగే కొద్దీ బలం తగ్గుతుంది. దాన్ని సరిచేసే గవర్నరు ఎంత చక్కగా చేసినా రాపిడి మీద ఆధారపడే పరికరం. రాపిడి వేడికి ఒకలా, చలికి ఒకలా ఉంటుంది. కుడెల్‌స్కీ ఆ యంత్రాన్నే ఇంకాస్త మెరుగుపరుస్తూ కూర్చోలేదు. 1950ల చివరలో, ట్రాన్సిస్టర్లు అందుబాటులోకి రాగానే, మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టారు. అలా వచ్చింది నాగ్రా 3.

ఇరుసు దగ్గర లెక్క

నాగ్రా 3 బ్యాటరీలతో కలిపి సుమారు 7 కిలోలు. టార్చిలైటులో వేసే పెద్ద బ్యాటరీలు 12 వేస్తే నడుస్తుంది. అంటే ప్రపంచంలో ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా దానికి మేత దొరుకుతుంది. అల్యూమినియం పెట్టె, పైన పారదర్శకమైన మూత, ముందువైపు నాబులు, ఒక మీటరు. చూడగానే ప్రయోగశాల పరికరంలా ఉంటుంది. అలంకారం కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా కనిపించదు.

మూత తీస్తే చూపు రీళ్ళ మీదికి పోతుంది గానీ, చూడవలసింది ఇరుసును. టేపును లాగే సన్నని ఉక్కు కడ్డీ అది. రబ్బరు చక్రం టేపును దానికి అదిమి పట్టుకుంటుంది. ఇరుసు ఎంత వేగంగా తిరిగితే టేపు అంత వేగంగా నడుస్తుంది. ఉదాహరణకు 6 మిల్లీమీటర్ల మందమున్న ఇరుసు అనుకుందాం. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగానికి అది సెకనుకు సుమారు పదిసార్లు తిరగాలి. ఆ ఇరుసు నడిమధ్య నుంచి కాక మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యింట మూడు వంతులు, పక్కకి జరిగి తిరిగిందంటే టేపు వేగం ప్రతి చుట్టులోనూ వెయ్యింట ఒక వంతు పెరిగి, అంతే తగ్గుతుంది. సెకనుకు పదిసార్లు ఆ ఊపు పాటలో చేరుతుంది. కాబట్టి ఇరుసును కోయడం, నునుపు చేయడం, బేరింగుల్లో కూర్చోబెట్టడం చేతిగడియారాలు చేసే దేశానికి తగిన పని. మోటారు, హెడ్‌లు వంటి కీలకమైన భాగాలు బయట కొనకుండా కుడెల్‌స్కీ తమ దగ్గరే చేయించుకోవడానికి కారణం ఇదే. ఇంకొకరి పనితనం మీద తన మాట నిలబడాలంటే ఆయనకు నచ్చలేదు.

ఇరుసు ఎంత చక్కగా ఉన్నా దాన్ని తిప్పే మోటారు నిలకడగా తిరగాలి కదా. ఇక్కడే నాగ్రా 3 అసలు కొత్తదనం ఉంది. మోటారుతో పాటే ఒక పళ్ళ చక్రం తిరుగుతుంది. దాని పక్కనే ఒక చిన్న అయస్కాంత పరికరం ఉండి, ఒక్కొక్క పన్ను తన ముందు నుంచి దాటినప్పుడల్లా ఒక విద్యుత్ స్పందన పంపుతుంది. సెకనుకు ఎన్ని స్పందనలు రావాలో సర్క్యూటుకు తెలుసు. తక్కువ వస్తే మోటారుకు కరెంటు పెంచుతుంది, ఎక్కువ వస్తే తగ్గిస్తుంది. సైకిలు తొక్కేవాడు ఎత్తు వస్తే బలంగా తొక్కి, పల్లం వస్తే కాలు వదులు చేసి ఒకే వేగంతో పోయినట్టు. స్ప్రింగు, గవర్నరు జంట చేయలేని పని ఇది. బ్యాటరీలు సగం అయిపోయినా, రీలు మీద టేపు నిండుగా ఉన్నా చివరి చుట్టులో ఉన్నా వేగం అదే.

ఇవాళ ఈ పద్ధతి చిన్న ఆటబొమ్మల్లో కూడా ఉంది. 1950లలో, లెక్కకు మించి వేడెక్కితే గుణం మారిపోయే జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో, భుజాన మోసే పెట్టెలో దాన్ని నమ్మకంగా పనిచేయించడం మాటలు కాదు.

మీటరు నిజం చెప్పాలి

రికార్డిస్టుకు ఉన్న పెద్ద భయం శబ్దం హద్దు మించడం. టేపు భరించగలిగిన దానికన్నా గట్టి శబ్దం వస్తే ఆ శబ్దం పగిలిపోతుంది, మళ్ళీ బాగుచేయడానికి వీలుండదు. ఆ హద్దును చూపేది మీటరు. అప్పట్లో చాలా యంత్రాల మీద ఉన్న వీయూ మీటరు ముల్లు శబ్దాన్ని సరిగ్గా చూపడానికి 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. నిదానంగా సాగే మాటకు అది సరిపోతుంది. డప్పు మీద పుల్ల పడినప్పుడు, తలుపు ధడాలున మూసినప్పుడు, ‘ట’ కారం గట్టిగా పలికినప్పుడు శబ్దం కొన్ని మిల్లీసెకన్లలో శిఖరానికి చేరి దిగిపోతుంది. ముల్లు కదిలేలోపే ప్రమాదం జరిగిపోతుంది. మీటరు మాత్రం అంతా బాగానే ఉందని చూపిస్తుంది.

నాగ్రాలో పెట్టినది వేరు. మాడ్యులోమీటరు అని దానికి పేరు. శబ్ద శిఖరం రాగానే ముల్లు చటుక్కున లేస్తుంది, కిందికి మాత్రం నెమ్మదిగా దిగుతుంది. క్షణంలో వచ్చిపోయిన శబ్దాన్ని కంటికి అందేంతసేపు పట్టి ఉంచుతుంది. చూసే మనిషి కంటి వేగాన్ని లెక్కలోకి తీసుకుని చేసిన మీటరు అది. నాగ్రాకు అలవాటుపడిన రికార్డిస్టు ఆ ముల్లును కళ్ళు మూసుకుని నమ్ముతాడు.

తరవాతి నాగ్రాల్లో అదే మీటరు పక్కనున్న స్విచ్చు తిప్పితే ఇంకా చాలా చెబుతుంది. బ్యాటరీల మొత్తం వోల్టేజీ చూపడంతో ఆగకుండా, సగటున ఒక్కొక్క సెల్ ఎన్ని వోల్టుల దగ్గర ఉందో చూపుతుంది. సెల్ మీద రాసి ఉండేది 1.5 వోల్టులు కాబట్టి వాడేవాడు లెక్క కట్టనక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది. మోటారు ఎంత కష్టపడుతోందో కూడా చూడవచ్చు. టేపు ఎక్కడైనా రాసుకుంటుంటే, రీలు బిగుసుకుంటుంటే, చెవికి తెలియకముందే ఇక్కడ తెలుస్తుంది. ఇది కాక, మోటారు అదుపులో ఉందో లేదో చెప్పే చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. అందులో తెల్ల గుర్తు కనిపిస్తే వేగం సరిగా ఉన్నట్టు. కనిపించకపోతే ఆగి చూసుకోవలసిందే.

వీటన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది వినికిడి స్విచ్చు. టేపు నడిచే దారిలో మూడు హెడ్‌లు వరసగా ఉంటాయి. మొదటిది పాతది చెరిపేస్తుంది, రెండోది కొత్తది రాస్తుంది, మూడోది రాసినదాన్ని వెంటనే చదువుతుంది. హెడ్‌ఫోను పెట్టుకున్న రికార్డిస్టు స్విచ్చును ఒకవైపు వేస్తే మైకు నుంచి నేరుగా వచ్చే శబ్దం వింటాడు. రెండోవైపు వేస్తే, కన్ను మూసి తెరిచేంత ఆలస్యంతో, టేపు మీద నిజంగా పడిన శబ్దం వింటాడు. రెండూ ఒకేలా ఉంటే పని సరిగా జరుగుతున్నట్టు. ఇంటికి వెళ్ళి విన్నాక గుండె జారిపోయే అవసరం లేదు. స్టూడియో యంత్రాల్లో ఈ వసతి ఉండేది. పొలం గట్టు మీద నిలబడిన మనిషికి కూడా అది ఉండాలని కుడెల్‌స్కీ అనుకోవడంలోనే ఆయన స్వభావం తెలుస్తుంది. రీలు వెనక్కి తిప్పడంలో నాగ్రా నెమ్మది. పెద్ద రీలు వేస్తే మూత పడదు. వాటికన్నా రికార్డు జరిగే క్షణం ముఖ్యమని ఆయన ముందే తేల్చుకున్నారు.

టేపు నడుమ రెండు గీతలు

సినిమా టేపురికార్డరుకు ఇంకో బాధ్యత ఉంది. కెమెరాలో ఫిల్ముకు పళ్ళ రంధ్రాలుంటాయి. టేపుకు ఉండవు. ఫిల్ము ఎంత నడిచిందో లెక్క ఉంటుంది గానీ, నున్నని టేపు సాగవచ్చు, జారవచ్చు. కాబట్టి రెండింటినీ కలపడానికి ఒక గుర్తు కావాలి. కెమెరా మోటారుతో తిరిగే చిన్న జనరేటరు సెకనుకు 50 ఆవృత్తుల సంకేతాన్ని పుట్టిస్తుంది. అమెరికాలో అయితే 60. తీగ ద్వారా అది రికార్డరుకు చేరి, శబ్దంతో పాటు టేపు మీద పడుతుంది. దీన్ని పైలట్ అంటారు. తరవాత టేపును రంధ్రాలున్న మాగ్నెటిక్ ఫిల్ము మీదికి మార్చేటప్పుడు ఆ 50 ఆవృత్తులు సరిగా వచ్చేలా వేగాన్ని సర్దుతారు. కెమెరా కాస్త వేగంగా నడిచి ఉంటే, తెర మీద బొమ్మ ఎంత నెమ్మదిస్తుందో శబ్దమూ అంతే నెమ్మదిస్తుంది. జత తప్పదు.

మరి ఆ 50 ఆవృత్తుల గుర్రు నటుడి మాటల్లో వినిపించదా? టేపు వెడల్పంతా మాటకే వాడుకుంటూ, అదే టేపులో పైలట్‌ను కూడా దాచాలి. 1960ల మొదట్లో కుడెల్‌స్కీ నాగ్రాలో పెట్టిన నియోపైలట్ దీనికి చెప్పిన జవాబు ఎంత అందమైనదో చూడండి. టేపు నడిమధ్యన, పక్కపక్కనే, రెండు సన్నని దారుల్లో ఒకే పైలట్‌ను రాస్తారు. కానీ ఒకదానిలో అల పైకి లేచినప్పుడు రెండోదానిలో కిందికి పోయేలా, తలకిందులుగా. మాటను చదివే హెడ్ టేపు వెడల్పంతా ఒకేసారి చదువుతుంది కాబట్టి పైకి లేచిన అల, కిందికి పోయిన అల ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతాయి. ఏమీ వినపడదు. పైలట్‌ను చదవడానికే చేసిన హెడ్ ఆ రెండు దారుల్ని ఎదురెదురుగా తీసుకుంటుంది కాబట్టి దానికి రెండూ కలిసి రెట్టింపవుతాయి. ఒకే చోట రాసిన సంకేతం ఒక హెడ్‌కు లేనట్టు, ఇంకో హెడ్‌కు రెట్టింపు ఉన్నట్టు. అదనంగా ఫిల్టర్లు అక్కర్లేదు, మాటలో ఏదీ కోసి పారేయనక్కర్లేదు. కూడిక తీసివేతలతో తేలిపోయే ఇలాంటి పరిష్కారం దొరికినప్పుడు ఇంజనీరుకు కలిగే ఆనందం, పద్యం కుదిరిన కవికి కలిగే ఆనందం వేరు కావని నా నమ్మకం.

కొన్నాళ్ళకు కెమెరాలోనూ రికార్డరులోనూ క్వార్ట్జ్ స్ఫటికాలు వచ్చాయి. రెండూ విడివిడిగా, ఒకే ఖచ్చితత్వంతో కాలాన్ని కొలుచుకునేవి. మధ్యన ఉన్న తీగ తెగిపోయింది. కెమెరామన్ ఒకవైపు, సౌండు మనిషి ఇంకోవైపు తమకు నచ్చిన చోట నిలబడగలిగారు.

పారిస్ వీధిలో

ఇంత పనితనం దేనికి పనికొచ్చిందో చూడాలంటే 1960 వేసవిలో జాన్ రూష్, ఎడ్గార్ మొరాన్ పారిస్‌లో తీసిన ‘క్రానిక్ డన్ ఎతే’ చూడాలి. 1961లో విడుదలైన ఈ డాక్యుమెంటరీలో మార్సెలిన్ లొరిదాన్ అనే యువతి ఉంది. యుద్ధకాలంలో ఆమెనూ ఆమె తండ్రినీ నాజీలు నిర్బంధ శిబిరాలకు పంపారు. ఆమె తిరిగివచ్చింది, తండ్రి రాలేదు. సినిమాలో ఒకచోట ఆమె దాదాపు ఖాళీగా ఉన్న పారిస్ వీధుల్లో ఒంటరిగా నడుస్తూ తండ్రితో మాట్లాడుతుంది. కోటు లోపల భుజాన నాగ్రా, గుండె దగ్గర చిన్న మైకు. పక్కన సౌండు మనిషి లేడు. కెమెరా కారులో ఉండి ఆమెకు దూరమవుతూ పోతుంది. తెర మీద మనిషి చిన్నదైపోతుంది, గొంతు మాత్రం మన చెవి పక్కనే ఉంటుంది.

ఆ దృశ్యాన్ని స్టూడియోలో మళ్ళీ పలికించలేరు. ఎదురుగా ఇంకో మనిషి మైకు కట్టిన పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడి ఉంటే ఆ మాటలు వచ్చేవో రావో. యంత్రం తనంతట తాను, ఎవరూ చూడకుండా, నడకకు ఊగుతూ, వేగం తప్పకుండా పనిచేస్తుందన్న నమ్మకం ఉంటేనే దర్శకుడు అలాంటి షాటు తలపెట్టగలడు. మాడ్యులోమీటరు, మోటారు వేగాన్ని సరిదిద్దే సర్క్యూటు, మూడు మైక్రాన్ల లెక్క అన్నీ కలిసి ఒక మనిషికి తన దుఃఖాన్ని తనతోనే చెప్పుకునే ఏకాంతాన్ని ఇచ్చాయి. తేలికైన కెమెరాలు, నాగ్రాలు కలిసి 1960లలో డాక్యుమెంటరీ రూపాన్నే మార్చాయని సినిమా చరిత్రకారులు రాస్తారు. ఈ ఒక్క దృశ్యం చూస్తే ఆ మాటలో నిజమెంతో అర్థమవుతుంది.

హాలీవుడ్ కూడా గుర్తించింది. సినిమా శబ్దగ్రహణానికి చేసిన సేవకు 1965, 1977, 1978 సంవత్సరాలకు అకాడమీ సాంకేతిక పురస్కారాలు కుడెల్‌స్కీకి దక్కాయి. 1990 సంవత్సరానికి గోర్డన్ ఇ. సాయర్ పురస్కారం వచ్చింది. ఆయన డిగ్రీ పూర్తి చేయకుండా వదిలిన విద్యాసంస్థ తరవాత గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

పెరిగిన కుటుంబం

1960ల చివర సిలికాన్ ట్రాన్సిస్టర్లతో నాగ్రా 4 వచ్చింది. దాని వెనకే 1970ల మొదట్లో 4.2, స్టీరియో రికార్డు చేసే 4-ఎస్ వచ్చాయి. 4.2లో రెండు మైకులు నేరుగా పెట్టుకోవచ్చు, ఆ మైకులకు కావలసిన కరెంటు కూడా పెట్టెలోంచే అందుతుంది. గాలి హోరును తగ్గించే ఫిల్టర్లు, శబ్దం హద్దు మించకుండా ఆపే ఏర్పాటు ఉన్నాయి. సినిమా సౌండు మనుషులు ఎక్కువకాలం మోసింది దీన్నే. 4-ఎస్ ఎంత ప్రతిష్ఠ సంపాదించిందంటే, 1981లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘దివా’ కథ నాగ్రాతోనే మొదలవుతుంది. ఒక యువ పోస్ట్‌మన్ దాన్ని దొంగచాటుగా కచేరీకి తీసుకెళ్ళి, తన పాట రికార్డు చేయడానికి ఎన్నడూ ఒప్పుకోని గాయని గొంతును పట్టుకుంటాడు.

ఇదే కంపెనీ అరచేతిలో పట్టే యంత్రం కూడా చేసింది. నాగ్రా ఎస్.ఎన్. బరువు అరకిలోకి కాస్త పైన. టేపు వెడల్పు క్యాసెట్ టేపు వెడల్పే గానీ ప్లాస్టిక్ డబ్బా లేదు, చిన్న చిన్న లోహపు రీళ్ళ మీద నడుస్తుంది. అమెరికా సీక్రెట్ సర్వీసు అవసరం కోసం దీని రూపకల్పన మొదలైందని కంపెనీ చరిత్ర చెబుతుంది. టేపు వెనక్కి చుట్టడానికి మోటారు వాడలేదు, మడిచి పెట్టుకునే చిన్న పిడి తిప్పాలి. పెద్ద నాగ్రాలో చేసిన తీర్మానమే ఇక్కడా కనిపిస్తుంది. బ్యాటరీ శక్తి రికార్డింగుకే. మిగతా పని మనిషి చేయి చేసుకోగలదు.

మన దగ్గర

1950లలో వాహినీ వంటి మద్రాసు స్టూడియోల్లో తీసిన తెలుగు సినిమాల్లో నటులు సెట్టు మీద చెప్పిన మాటే చాలామటుకు తెర మీద వినిపించేది. ఆ తరవాత షూటింగులు ఫ్లోర్లు దాటి ఊళ్ళకు, ఏటి గట్లకు వెళ్ళాయి. చేతిలో పట్టే తేలిక కెమెరాలు వచ్చాయి. అవి గరగరమని మోగేవి. ఆ మోతలో మాట వాడుకోవడానికి పనికిరాదు కాబట్టి, లొకేషన్‌లో పైలట్ ట్రాక్ (ఇది పైన చెప్పిన పైలట్ సంకేతం కాదు, డబ్బింగుకు ఆధారంగా పట్టే కచ్చా శబ్దం) పట్టుకుని, తరవాత థియేటర్లో డబ్బింగు చెప్పించడం ఆనవాయితీ అయింది. ఆ పైలట్ ట్రాక్ పట్టడానికి మన దేశంలోనూ నాగ్రాలు వాడారు. లొకేషన్ మాటను తెర దాకా తీసుకెళ్ళడానికి చేసిన యంత్రం ఇక్కడ ఎక్కువగా డబ్బింగు చెప్పేవాళ్ళకు ఆధారంగా ఉపయోగపడింది.

ఇందుకు ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు. డబ్బింగు మనకు గొప్ప గొంతుల్ని ఇచ్చింది, అది వేరే కళ. కానీ నటుడు ఆ క్షణంలో, ఆ గాలిలో, ఎదుటి నటుడి కళ్ళలోకి చూస్తూ అన్న మాటకు ఉండే ప్రాణం వేరు. 2001లో ‘లగాన్’ హిందీలో సింక్ సౌండును, అంటే షూటింగులోనే మాటను పట్టే పద్ధతిని, మళ్ళీ చర్చలోకి తెచ్చింది. 2016లో ‘పెళ్ళిచూపులు’ సింక్ సౌండుతో వచ్చినప్పుడు, మాటల మధ్య తడబాటు, ఊపిరి, గది అలికిడి కూడా నటనలో భాగమేనని తెలుగు ప్రేక్షకులు విన్నారు. అప్పటికి యంత్రాలు డిజిటల్ అయిపోయాయి. అయినా భుజాన రికార్డరు, చెవికి హెడ్‌ఫోను, మీటరు మీద చూపుతో లొకేషన్‌లో నిలబడే సౌండు మనిషి పని పద్ధతి చాలావరకు నాగ్రా కాలంలో కుదురుకున్నదే.

కాలం మారాక

1980ల చివరికి డిజిటల్ టేపు వచ్చింది. కుడెల్‌స్కీ కంపెనీ 1992లో నాలుగు ట్రాకుల డిజిటల్ రికార్డరు నాగ్రా-డి చేసింది. ఆ తరవాత హార్డ్ డిస్కులు, మెమరీ కార్డులు టేపునే పక్కకు నెట్టేశాయి. కంపెనీ దారి కూడా మారింది. టెలివిజన్ ప్రసారాలను డబ్బు కట్టినవాళ్ళే చూసేలా గిలకరించి, మళ్ళీ విప్పే సాంకేతికతలోకి 1989లో ఫ్రాన్స్‌లోని టీవీ సంస్థ కెనాల్ ప్లస్‌తో అడుగుపెట్టింది. 1991లో పగ్గాలు కుమారుడు ఆంద్రే చేతికి వచ్చాయి. కుడెల్‌స్కీ గ్రూపుకు ఇప్పుడు ప్రధానంగా పేరున్నది ఆ రంగంలోనే. ఆడియో విభాగం విడిపోయి ప్రత్యేక కంపెనీగా లోజాన్ దగ్గరే కొనసాగుతోంది, నాగ్రా పేరుతో యాంప్లిఫయర్లు, రికార్డర్లు తయారుచేస్తోంది. స్టెఫాన్ కుడెల్‌స్కీ 2013 జనవరి 26న, 83 ఏళ్ళ వయసులో మరణించారు.

యంత్రం పాతబడటం సహజం. పని పాతబడిందా అన్నది వేరే ప్రశ్న. నేడు ప్రపంచవ్యాప్తంగా రేడియో, సినిమా, జానపద పరిశోధన భాండాగారాలు పాత టేపుల్ని డిజిటల్‌లోకి మారుస్తున్నాయి. టేపు ముందుకొచ్చినప్పుడు అక్కడివాళ్ళకు ఎదురయ్యే మొదటి చిక్కు, దీన్ని రికార్డు చేసినప్పుడు యంత్రం ఏ వేగంతో నడిచింది అన్నదే. నాసిరకం యంత్రం మీద, నీరసించిన బ్యాటరీలతో చేసిన టేపులో గాయకుడి అసలు శ్రుతి ఏదో తేల్చడం ఊహతో చేసే పని. పైలట్ సంకేతం ఉన్న నాగ్రా టేపు విషయంలో ఊహ అక్కర్లేదు. అరవై ఏళ్ళ తరవాత కూడా టేపు నడుమ ఆ రెండు దారుల్లో సెకనుకు 50 ఆవృత్తులు ఉంటాయి. టేపు సాగినా కుంచించుకుపోయినా వాటిని లెక్కపెట్టి అసలు వేగాన్ని తిరిగి తేవచ్చు.

మంచి పనిముట్టుకు రెండు పరీక్షలున్నాయని నేననుకుంటాను. మొదటిది, వాడేటప్పుడు తన పరిస్థితిని వాడేవాడి దగ్గర దాచకపోవడం. రెండోది, చేసిన పని సరైనదో కాదో తరవాతి వాళ్ళు తేల్చుకునే ఆధారాన్ని ఆ పనిలోనే ఉంచి వెళ్ళడం. మొదటిదాన్ని గెలిచిన యంత్రాలు కొన్ని ఉన్నాయి. రెండూ గెలిచినవి అరుదు. నాగ్రా రెండూ గెలిచింది. అందుకే పనితనం నేర్చుకోదలచిన ఇంజనీరుకు, సౌండు విద్యార్థికి, ఆ మాటకొస్తే ఏ చేతిపనివాడికైనా, అది ఇప్పటికీ మూత తీసి చూడదగిన యంత్రం.